ఈ-బుక్ రీడర్ - కళాశాల విద్యార్థుల ఎంపిక

ఈ-బుక్ రీడర్ అనగా ఎలక్ట్రానిక్ రూపంలోనున్న పుస్తకాలను చదువుకొనుటకు ప్రత్యేకంగా తయారుచేయబడిన చేతి పరికరం. దీనిని తెలుగులో ఈ-పుస్తక పఠన పరికరం అనవచ్చును. కంప్యూటరు, టాబ్లెట్, మొబైల్ ఫోనులలో కూడా ఈ-పుస్తకాలు చదవవచ్చును గాని, ఈ వ్యాసంలో ఎలక్ట్రానిక్ సిరా తెరగల పరికరాల గురించి మాత్రమే వివరించబడింది. నవలను మొదటి పుట నుండి చివరి పుట వరకు వరుసగా చదువుతారు. పాఠ్యపుస్తకాన్ని ముందుకు, వెనుకకు తిప్పుతూ, పటాలు, పట్టికలు పోల్చుకుంటూ, అంచులలో వ్రాసుకుంటూ చదువుతారు. విద్యార్థి పరికరాన్ని ఎంచుకొనేటప్పుడు ఈ తేడాను ముఖ్యంగా గుర్తుంచుకొనవలెను.

పనిచేసే విధానం

ఎలక్ట్రానిక్ సిరాను తయారుచేసే ఈ-ఇంక్ సంస్థ 1997లో అమెరికాలో స్థాపించబడింది. ఈ తెరలో అతి సూక్ష్మమైన గుళికలు ఉంటాయి. ఒక్కొక్క గుళికలోని ద్రవంలో ధనావేశం గల తెల్లని కణాలు, ఋణావేశం గల నల్లని కణాలు తేలుతుంటాయి. విద్యుత్ క్షేత్రం దిశను బట్టి తెల్లని కణాలో, నల్లని కణాలో పైకి వచ్చి అక్షరాలు ఏర్పడతాయి. ఒకసారి ఏర్పడిన పుట నిలిచియుండుటకు విద్యుత్తు అవసరం లేదు. అందువలన ముందుదీపం తక్కువగా వాడితే ఒకసారి ఛార్జి చేసిన బ్యాటరీ కొన్ని వారాలపాటు వస్తుంది. పరిసరాలలోని వెలుతురు పడి పరావర్తనం చెందుట వలన ఎండలో కూడా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే పుట మారుటకు కొంత సమయం పడుతుంది. వేగంగా పుటలు తిరగవేయుటకు, వీడియోలు చూచుటకు ఇది అనువైనది కాదు.

చరిత్ర

ఈ-ఇంక్ తెరతో మొదటి రీడర్ అయిన సోనీ లిబ్రియే 2004లో జపానులో విడుదలైనది. అమెజాన్ కిండిల్ 2007 నవంబరులో, బార్న్స్ అండ్ నోబుల్ వారి నూక్ 2009లో, కోబో 2010లో వచ్చాయి. సోనీ 2014లో సాధారణ పాఠకుల ఈ-బుక్ రీడర్ల తయారీ నుండి తప్పుకొన్నది.

విశ్వవిద్యాలయాలలో ప్రయోగం

2009లో ప్రిన్స్‌టన్, అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయాలు, రీడ్ కళాశాల మొదలైన అమెరికా విద్యాసంస్థలు 9.7 అంగుళాల తెరగల కిండిల్ డీఎక్స్‌ను తరగతులలో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టాయి. కాగితం ఆదా అగుట, బరువు తగ్గుట, కంటికి హాయిగా ఉండుట విద్యార్థులకు నచ్చాయి. పీడీఎఫ్ పుటలపై గుర్తులు పెట్టుకొనలేకపోవుట, కావలసిన పుటకు త్వరగా వెళ్ళలేకపోవుట నచ్చలేదు.

ఇదే సమయంలో మరొక సమస్య వెలుగులోకి వచ్చింది. ఈ పరికరం పుస్తకాన్ని బిగ్గరగా చదివి వినిపించగలిగినా, పుస్తకాన్ని ఎంచుకొనే పట్టికలను వినిపించలేకపోయేది. అనగా చూపులేని విద్యార్థి తన పుస్తకాన్ని తానే తెరవలేడు. 2009 జూన్‌లో అంధుల సంఘాలు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంపై దావా వేశాయి. అది 2010 జనవరిలో రాజీతో ముగిసింది. తరగతి మొత్తానికి ఒకే పరికరాన్ని నిర్ణయించే ఏ కళాశాల అయినా అది అందరు విద్యార్థులకూ ఉపయోగపడుతుందా అని ముందుగా చూడవలెనని ఈ ఉదంతం తెలుపుతున్నది.

తెర పరిమాణం

సిద్ధాంత వ్యాసాలు, అధ్యాపకులు ఇచ్చే నోట్సు సాధారణంగా ఏ4 పరిమాణపు పీడీఎఫ్‌లలో ఉంటాయి. పీడీఎఫ్‌లో పుట స్వరూపం స్థిరం గనుక, పుటంతా తెరపై పట్టాలంటే అక్షరాలు చిన్నవైపోతాయి. ఏ4 పుటలో 12 పాయింట్ల అక్షరం వివిధ తెరలపై సుమారుగా ఈ క్రింది విధంగా కనిపిస్తుంది.

* 6 అంగుళాల తెర: 5 పాయింట్లు. చదువుట చాలా కష్టం.
* 7.8 అంగుళాల తెర: 6.4 పాయింట్లు. అంచులు కత్తిరించి చూస్తే కొంత మేలు.
* 10.3 అంగుళాల తెర: 8.5 పాయింట్లు. చదువుకొనవచ్చును.
* 13.3 అంగుళాల తెర: 11 పాయింట్లు. దాదాపు కాగితంతో సమానం.

డెమ్మీ సైజులో అచ్చయిన తెలుగు పుస్తకపు పీడీఎఫ్ మాత్రం 10.3 అంగుళాల తెరపై దాదాపు అసలు పరిమాణంలోనే కనిపిస్తుంది.

ఫైలు రూపాలు

ఈపబ్ రూపంలోని పుస్తకంలో అక్షరాలను పెద్దవిగా చేస్తే పంక్తులు తెరకు తగినట్లు సర్దుకొంటాయి. అందువలన ఈపబ్ పుస్తకాలకు 6 అంగుళాల తెర చాలును. కోబో వంటి పరికరాలు ఈపబ్‌ను నేరుగా తెరుస్తాయి. కిండిల్‌కు ఈపబ్‌ను పంపితే అమెజాన్ సేవ దానిని తన రూపంలోకి మార్చి అందిస్తుంది. ఈ సౌకర్యం 2022లో వచ్చింది. ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చుటకు కాలిబర్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఉపయోగపడుతుంది.

తెలుగు పుస్తకాలు

తెలుగు విద్యార్థి మూడు విషయాలు గమనించవలెను.

* డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత పుస్తకాలు పుటల ఛాయాచిత్రాలు మాత్రమే. వాటిలో అక్షరాల పరిమాణం మార్చుట వీలుకాదు.
* అను వంటి యూనికోడేతర ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌లు చూచుటకు బాగానే ఉన్నా, వాటిలో తెలుగు పదాన్ని టైపు చేసి వెదకితే దొరకదు.
* యూనికోడ్ పాఠ్యం గల తెలుగు వికీసోర్స్ పుస్తకాలను ఈపబ్‌గా దించుకొనవచ్చును. పరికరంలో తగిన ఫాంటు లేకపోతే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి, లేదా ఒత్తులు విడిపోతాయి. కొనే ముందు "రాష్ట్రం", "జ్యోత్స్న" వంటి పదాలు సరిగా కనిపిస్తున్నవో లేవో చూడవలెను.

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ దుకాణంలో భారతీయ భాషల విభాగం ప్రారంభమైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నవి గాని, తెలుగు లేదు.

కొన్న పుస్తకంపై హక్కు

అచ్చు పుస్తకాన్ని చదివిన తరువాత తమ్ముడికి ఇవ్వవచ్చును, సగం ధరకు అమ్మవచ్చును. రక్షణ తాళం గల ఈ-పుస్తకం విషయంలో కొనుగోలుదారునికి లభించేది చదువుకొనుటకు అనుమతి మాత్రమే. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, అమ్మిన ప్రచురణకర్తకు హక్కులు లేవను కారణంతో, అమెజాన్ పాఠకుల కిండిళ్ళ నుండి తొలగించి డబ్బు తిరిగి ఇచ్చింది. తరగతి కోసం ఆ పుస్తకం చదువుతున్న ఒక విద్యార్థి వ్రాసుకొన్న గమనికలు ఏ వాక్యానికి సంబంధించినవో తెలియకుండా పోయాయి. అతడు దావా వేయగా తరువాత రాజీ కుదిరినది. కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకొని తీగ ద్వారా కిండిల్‌లోకి ఎక్కించే సౌకర్యాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26 నుండి నిలిపివేసినది. కావున గమనికలను తరచుగా వేరొకచోట భద్రపరచుకొనుట మంచిది.

ఎంపిక చేసుకొనే క్రమం

# ఈ సంవత్సరం చదువవలసిన పుస్తకాల జాబితా వ్రాసుకొని, ఒక్కొక్కటి ఏ రూపంలో దొరుకుతున్నదో ఎదురుగా గుర్తించవలెను.
# ఎక్కువ భాగం సాహిత్యం, చరిత్ర వంటి ఈపబ్ పుస్తకాలైతే 6 లేదా 7 అంగుళాల పరికరం చాలును.
# ఎక్కువ భాగం ఏ4 పీడీఎఫ్‌లైతే 10 అంగుళాలు, ఆ పైన ఉండవలెను. పుటపై వ్రాయుటకు కలం సౌకర్యం కూడా చూడవలెను.
# రంగుల పటాలు ముఖ్యమైన వైద్య, జీవశాస్త్ర విద్యార్థులకు టాబ్లెట్ మేలు. రంగుల ఈ-ఇంక్ తెరలు వచ్చినా వాటి రంగులు వెలిసినట్లుంటాయి.
# జాబితాలోని పుస్తకాలు చాలావరకు అచ్చులోనే దొరుకుతుంటే పరికరం కొనకుండుటే ఉత్తమం. ఆ సొమ్ము పుస్తకాలకు ఉపయోగపడుతుంది.

కొనే ముందు స్నేహితుల పరికరంలో తన పాఠ్యాంశపు పీడీఎఫ్ ఒకటి తెరచి, పది పుటలు చదివి, రెండు గమనికలు వ్రాసి చూచినచో పరికరపు మంచిచెడులు చాలావరకు తెలిసిపోతాయి.

ఇవి కూడా చూడండి

* ఈ-పుస్తకం
* యూనికోడ్
* వికీసోర్స్
* ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్