విమోచన: వెల ఎవరు కట్టారు, ఎవరికి కట్టారు?

మన సంఘాల్లో ప్రతి ఆదివారం వినబడే మాట విమోచన. ప్రార్థనలో వస్తుంది, ప్రభువు బల్ల దగ్గర వస్తుంది, సమాధి దగ్గర చేసే ప్రసంగంలో వస్తుంది. ఇంటికి వెళ్ళాక మాత్రం ఆ మాట ఎవరమూ వాడం. ఇంట్లో మనం అనేది "విడిపించడం". బ్యాంకులో పెట్టిన పుస్తెలతాడు పండక్కి ముందే విడిపించాలి అంటాం. కుదువలో ఉన్న అరెకరం ఈ ఏడైనా విడిపించాలి అంటాం. గుడిలోని మాటా ఇంట్లోని మాటా ఒకటేనని గుర్తుపెట్టుకుంటే పౌలు పత్రికల్లో సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

కుదువలో ఉన్న వస్తువు మనదే. కానీ మన చేతిలో లేదు. అది తనంతట తాను నడిచి ఇంటికి రాదు. ఎవరో ఒకరు సొమ్ము పట్టుకుని వెళ్ళాలి.

విమోచన సంస్కృతం నుంచి వచ్చిన మాట. మోక్షం, ముక్తి అనే మాటలకూ దీనికీ ధాతువు ఒకటే. కట్టు విప్పడం, వదిలించడం అని అర్థం. అందులో వెల సంగతి లేదు. అందుకే ఈ మాట వినగానే మన పొరుగువారికి జన్మల చక్రం నుంచి బయటపడటం తోస్తుంది, మనలో కొందరికీ అదే తోస్తుంది. ఈ చిక్కు మన ప్రాంతానికి కొత్త కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి తోడుగా సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలైంది. ఆ ఇద్దరు మిషనరీలూ అయిదేళ్ళు తిరిగేసరికి కన్నుమూశారు. వారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. మార్కు 10:45 దగ్గరికి వచ్చిన ప్రతి అనువాదకుడికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ప్రభువు తన ప్రాణాన్ని గురించి అక్కడ చెప్పిన మాటకు గ్రీకులో లుట్రాన్ అని ఉంది. బానిసను గానీ యుద్ధంలో చిక్కినవాణ్ణి గానీ విడిపించడానికి కట్టే సొమ్ముకు ఆ కాలంలో అదే పేరు. మన చేతిలో ఉన్న బైబిలు విమోచన అని ఊరుకోకుండా విమోచన క్రయధనము అన్నది ఇందుకే. క్రయం అంటే కొనుగోలు. ఆ రెండో మాటను తీసేస్తే మనకు ముక్తి మిగులుతుంది గాని సిలువ మిగలదు.

కటకంలో 1833లో బాప్తిస్మం పొంది తరువాత శ్రీకాకుళం ప్రాంతంలో పరిచర్య చేసిన పురుషోత్తమ చౌదరి గారు పర్లాకిమిడి దగ్గర ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. ముక్తి అనే మాట ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆయన కీర్తనలు పాడేటప్పుడు ఒకసారి గమనించండి. రక్తం, సిలువ, ప్రాణం ఇవ్వడం, ఈ మాటలు ఆయనకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

విడుదల అంటే ఏమిటో మన తీరానికి ఈమధ్యనే మళ్ళీ తెలిసింది. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ వారి చేతికి చిక్కారు. వారిలో ఎక్కువమంది మన రెండు జిల్లాలవారే. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం పేరు అప్పుడు దేశమంతా విన్నది. సముద్రం మీద సరిహద్దు గీత కంటికి కనబడదు. దాటినట్టు తెలిసేసరికి పడవ వాళ్ళది కాదు, మనుషులూ వాళ్ళ చేతిలో లేరు. ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు గుండా తిరిగి వచ్చారు. లోపల ఉన్నవాళ్ళు తమ విడుదలకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇక్కడ భార్యలూ తల్లులూ ఆఫీసుల చుట్టూ తిరిగారు, రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి, తాళం బయటినుంచి తీశారు.

ఈ పోలిక ఇంతవరకే పనికొస్తుంది. ఆ మత్స్యకారులు బతుకుతెరువు కోసం పోయి చిక్కినవాళ్ళు. మన సంగతి అలా కాదు. రోమా పత్రిక మూడో అధ్యాయం ప్రకారం మనం తెలియక గీత దాటినవాళ్ళం మాత్రమే కాదు, తెలిసీ దాటినవాళ్ళం. పైగా మనకోసం వచ్చినవాడు బయట నిలబడి మాట్లాడి ఊరుకోలేదు, లోపలికి వచ్చాడు.

లోపలికి ఎందుకు రావాలి? దీనికి జవాబు లేవీయకాండం 25లో ఉంది. ఒకడు బీదవాడై పొలం అమ్ముకుంటే, చివరికి తననే అమ్ముకుంటే, విడిపించే హక్కు ఊళ్ళో డబ్బున్న ప్రతివాడిదీ కాదు. రక్తసంబంధిది. హెబ్రీలో అతణ్ణి గోయేల్ అంటారు. రూతు గ్రంథం చివరి అధ్యాయంలో బోయజు ఊరి గవిని దగ్గర పెద్దల ఎదుట కూర్చుని చేసింది ఈ పనే. అతనికంటే దగ్గరి బంధువు ఒకడు ఉన్నాడు. పొలం అంటే ముందుకొచ్చాడు, పొలంతో పాటు రూతు బాధ్యత కూడా తీసుకోవాలనగానే తన స్వాస్థ్యం పాడవుతుందని చెప్పు విప్పి పక్కకు తప్పుకున్నాడు. అలాంటి దగ్గరి బంధువులు మనకూ తెలుసు. యిర్మీయా 32లో ఇంకో సంగతి ఉంది. శత్రువు యెరూషలేమును ముట్టడించి ఉండగా, ప్రవక్త ఖైదులో ఉండి, అనాతోతులోని పొలాన్ని 17 తులముల వెండి తూచి విడిపించాడు. క్రయపత్రం రాయించి, సాక్షుల సంతకాలు పెట్టించి, మట్టికుండలో భద్రం చేయించాడు. రిజిస్ట్రారు ఆఫీసులో గంటలకొద్దీ నిలబడినవాళ్ళకు ఆ అధ్యాయం వెంటనే అర్థమవుతుంది.

విడిపించాలంటే బంధువు కావాలి. దేవుని కుమారుడు మరియమ్మ కడుపున శరీరధారిగా పుట్టడానికి ఇది ఒక కారణం. హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం ఆయన మనలను సహోదరులని పిలవడానికి సిగ్గుపడలేదని చెబుతుంది. క్రిస్మస్‌కీ గుడ్‌ఫ్రైడేకీ మధ్య ఉన్న ముడి ఇదే.

ఇక రెండో ప్రశ్న. వెల ఎవరికి కట్టారు? మన ఊళ్ళలో కూటాల్లో తరచుగా వినబడే జవాబు సాతానుకు అని. సాతాను మనలను తాకట్టు పట్టుకున్నాడు, ప్రభువు తన రక్తం ఇచ్చి వాడి దగ్గర నుంచి కొన్నాడు, మూడో రోజున లేచి వాణ్ణి మోసపుచ్చాడు, ఇలా నాటకంలా చెబుతారు. జనం చప్పట్లు కొడతారు. ఇది పాత ఆలోచనే. మూడో శతాబ్దపు ఓరిజెన్ రచనల్లో ఇలాంటి మాట ఉంది. నాలుగో శతాబ్దంలోనే నజియాంజస్ గ్రెగరి దీన్ని గట్టిగా కాదన్నాడు. దొంగకు దేవుణ్ణే వెలగా చెల్లించడం ఏమిటన్నది ఆయన అభ్యంతరం. మా ఉద్దేశంలో గ్రెగరి వైపే న్యాయం ఉంది. నిర్గమకాండం చూడండి. దేవుడు ఇశ్రాయేలును విమోచించాడు, ఫరోకు మాత్రం ఒక్క కాసు ఇవ్వలేదు. పట్టుకున్నవాడికి మన మీద హక్కు లేదు.

అప్పు ఉన్నది దేవునికి. కాబట్టే ఎఫెసీ 5:2 క్రీస్తు తనను తాను దేవునికి అర్పించుకున్నాడని చెబుతుంది. అయితే తండ్రి కఠినమైన వడ్డీ వ్యాపారి అనీ, కుమారుడు జాలిపడి కట్టాడనీ అనుకోకూడదు. క్రీస్తులో ఉండి మనతో సమాధానపడింది దేవుడే అని 2 కొరింథీ 5 చెబుతుంది. ఒక లెక్క చూద్దాం. మీరు ఒకరికి 20,000 రూపాయలు అప్పిచ్చారు. అతను కట్టలేనని తెలిసి వదిలేశారు. ఆ 20,000 గాలిలో కలిసిపోలేదు, మీ ఇంట్లో లోటుగా ఉంటుంది. ఆ ఏడు మీ పిల్ల ఫీజు దగ్గర తెలుస్తుంది. క్షమించడం అంటే ఆ లోటును తన మీద వేసుకోవడం. సిలువ దేవుని ఇంట్లో పడిన లోటు.

దీని తరువాత వచ్చే సంగతే మన సంఘాలకు నిజంగా అవసరమని మాకు తోస్తుంది. 1976 నాటి వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టంలో దేశమంతటా ఉన్న వెట్టి పేర్లు ఒక వరసలో రాసి ఉన్నాయి. మనకు తెలిసిన పాలేరు, వెట్టి అనే మాటలు వాటిలో ఉన్నాయి. ఆ చట్టం వెట్టివాణ్ణి వదిలించింది, అతని అప్పునూ రద్దు చేసింది. అక్కడితో ఆగలేదు. రద్దయిన అప్పు కింద యజమాని మళ్ళీ సొమ్ము పుచ్చుకుంటే అది నేరం, మూడేళ్ళ వరకు జైలు. చట్టం చేసినవాళ్ళకు మనిషి నైజం బాగా తెలుసు. విడుదలైనవాడు పాత భయంతో మళ్ళీ కడతాడు, పుచ్చుకునేవాడు మొహమాటపడడు.

మన మధ్య ఇప్పుడు జరుగుతున్నదేమిటి? అభిషేక తైలం సీసాకు ఒక ధర. ప్రత్యేక ప్రార్థనకు ఒక కవరు. ఫలానా మొత్తం విత్తితే శాపం తొలగుతుందని మాట. చెన్నైలోనో హైదరాబాదులోనో తాపీ పని చేసి కొడుకు పంపిన డబ్బులోంచి ముసలి తల్లి ఆ కవరు నింపుతుంది. కానుక వేరు, అది కృతజ్ఞత. శాపం పోవడానికి కట్టే సొమ్ము వేరు, అది తీరిన బాకీ మీద వసూలు. హెబ్రీ 9:12 నిత్యమైన విమోచన ఒక్కసారే సంపాదించబడిందని చెబుతుంటే, రెండోసారి పుచ్చుకునేవాడు ఎవరి పేరు మీద రసీదు రాస్తున్నాడు?

ఇంకొక బాధ ఉద్దానం వైపు సంఘాల్లో చూస్తున్నాం. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్న విశ్వాసులతో, నువ్వు నిజంగా విమోచన పొంది ఉంటే ఈ జబ్బు ఉండదు అని చెప్పేవారున్నారు. ఇది వాక్యం కాదు. ఎఫెసీ 1:7 ప్రకారం పాపక్షమాపణ అనే విమోచన మనకు ఇప్పుడే ఉంది. రోమా 8:23 ప్రకారం దేహం యొక్క విమోచన కోసం ఇంకా కనిపెడుతున్నాం, మూలుగుతూ కనిపెడుతున్నాం. ఆత్మ పొందినవాళ్ళే మూలుగుతున్నారని పౌలు అంటున్నాడు. వారానికి రెండు మూడుసార్లు సూది గుచ్చించుకునే సహోదరుడి మూలుగు అవిశ్వాసం కాదు. అతని పక్కన సంఘం చేయవలసింది బోయజు పని. ఆసుపత్రికి తోడు వెళ్ళడం, ఆ ఇంటి పొలం అప్పులవాడి చేతికి పోకుండా నలుగురూ కలిసి చూడటం.

అప్పటివరకు మన చేతిలో ఉన్నదేమిటంటే, ఎఫెసీ 1:14లో సంచకరువు అనే మాట ఉంది. చాలామంది దాన్ని చదివి దాటిపోతారు. అది మన బయానా. వలస పనికి మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు అలాంటిది కాదు, అది పుచ్చుకున్నవాణ్ణి కట్టేస్తుంది, తీరేదాకా కదలనివ్వదు. పొలం కొనేవాడు ఇచ్చే బయానా కొనేవాణ్ణి కడుతుంది. మిగతా సొమ్ము తెచ్చి, పత్రం రాయించి, పొలాన్ని తన స్వాధీనంలోకి తీసుకుంటానని అతను ఇచ్చిన మాట అది. పరిశుద్ధాత్మను దేవుడు మనకిచ్చింది ఈ రెండో రకం బయానాగా.