రాజు లేని మహల్లో రాతి దేవుళ్ళు

కోలారు జిల్లా బంగారుపేట నుంచి బేతమంగళం, వి.కోట, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగితే చిత్తూరు. ఇంకాస్త పోతే చంద్రగిరి కోట. తిరుపతికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఆ కోట పక్కనుంచే పోతారు, దిగరు. దిగి చూడాల్సింది అక్కడి రాజమహల్. 1565 తల్లికోట యుద్ధంతో హంపి పాడుబడ్డాక విజయనగర రాజధాని పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి మారింది. ఆ మహల్లో ఇప్పుడు భారత పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. గుడిమల్లం, గండికోట, యాగంటి వంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలు అందులో చూడొచ్చు. కంచు విగ్రహాలూ ఉన్నాయి.

పాత భవనాన్ని మ్యూజియం చెయ్యడమంటే గోడలకు సున్నం కొట్టి టికెట్లు చించడం కాదు. ముందు బరువు లెక్క చూసుకోవాలి. గ్రానైటు ఒక్క ఘనమీటరే రెండున్నర టన్నులకు పైగా తూగుతుంది. నిలువెత్తు విగ్రహాన్ని మేడెక్కించే ముందు కింది కమానులు ఇప్పటికే ఎంత మోస్తున్నాయో తేల్చుకోవాలి. కట్టడం విషయంలో చంద్రగిరిది అదృష్టమే. మూడంతస్తుల ఆ మహల్లో కలప వాడలేదు; రాయి, ఇటుక, సున్నం, అంతే. చెదలకు తిండి లేదు, నిప్పంటుకునే దూలం లేదు.

బరువైనా కంటికి కనిపిస్తుంది, తేమ కనిపించదు. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు మెత్తితే తడి లోపలే చిక్కి, ఉప్పు పైకి తేలి, గార పొరలు పొరలుగా రాలుతుంది. మన పాత గుళ్ళకు మరమ్మతు పేరుతో తరచూ జరిగేది ఇదే! కంచుది మరో బాధ. ఉప్పు నేలలో పూడి ఉండి బయటికొచ్చిన విగ్రహానికి తేమగాలి తగిలితే లేతపచ్చ పొడి రాలడం మొదలౌతుంది. చూడటానికి మామూలు చిలుములా ఉన్నా అది లోహాన్ని తినేసే రోగం.

చిక్కంతా ఇక్కడే. కంచుకు పొడిగాలి కావాలి, గోడకేమో గాలి ఆడాలి. ఏసీ పెట్టి గది మూసేస్తే గోడకు గిట్టదు. అందుకే గది జోలికి పోకుండా, బిగుతైన గాజు పెట్టెలో సిలికా జెల్ ఉంచి ఆ కాస్త గాలినే పొడిగా కాపాడతారు. ఆ పెట్టె రేపు తీసేసినా గోడమీద గీత పడకూడదు.

మన వైపు, 2001లో బంగారు గనులు మూతపడిన కేజీఎఫ్‌లో (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో) ఏ పెంకుటి బంగళానైనా ఇలా మ్యూజియంగా మార్చాలనుకుంటే, మొదటి రూపాయి కారే పెంకులకే పెట్టాలి. కప్పు ఆరేదాకా కంచు తేవద్దు. కోలారు జిల్లా చెరువు కట్టల మీది వీరగల్లులను, అంటే పోరులో పడిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళను, మాత్రం వసారాలో నిలబెట్టొచ్చు. అవి ఇన్ని వందల ఏళ్ళూ వానలోనే నిలబడ్డాయి.