అన్నమూ ఆరాధనా

దేవుని సేవించుచున్నానని చెప్పుకొనుట సులభము. ఏమి కోరి సేవించుచున్నావని ఎవరైన అడిగినచో నిజము చెప్పుట కష్టము. క్రైస్తవ మతమున ఈ ప్రశ్న తొలినుండియు కలదు. యేసు ఐదు రొట్టెలతో వేలమంది ఆకలి తీర్చిన మరునాడు జనులు సరస్సు దాటి ఆయనను వెదకుకొనుచు వచ్చిరని యోహాను సువార్త తెలుపును. ఆయన మురిసిపోలేదు. వారిని నడిపించినది విశ్వాసము కాదనియు, నిన్న నిండిన కడుపేననియు గ్రహించి మందలించెను. అయినను ముందు అన్నము పెట్టినవాడును ఆయనయే. ఆకలికి అన్నము పెట్టవలెను. ఆ అన్నమును ఎర చేయరాదు. ఈ రెంటి నడుమ గీత ఎంత సన్ననిదో ఒంగోలు సీమ ధాత కరువులో చూచెను.

అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1న 8 మందితో అచట సంఘము ఏర్పడెను. ఆయన పెట్టిన బడికి అగ్రవర్ణముల పిల్లలు వచ్చుచుండిరి. ఊరి పెద్దల ఆదరణయు లభించెను. అంతలో యర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుని ప్రభావమున మాదిగవాడల జనులు విశ్వాసులై రాసాగిరి. వీరిని చేర్చుకొన్నచో తాము దూరమగుదుమని పెద్దలు తెలిపిరి. క్లౌ దంపతులు ఎవరికి వారుగా బైబిలు తెరువగా, లోకము నీచముగ ఎంచినవారినే దేవుడు ఎన్నుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగమే ఇరువురి కంటను పడెనట. మాదిగలను చేర్చుకొనిరి. అగ్రవర్ణ విద్యార్థులు బడి విడిచిరి. సేవకుని ఉద్దేశమునకు అది తొలి పరీక్ష: గౌరవము కావలెనా, పిలుపు కావలెనా?

రెండవ పరీక్ష ఇంతకంటె కఠినమైనది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని కరువు దహించెను. లక్షలమంది మరణించిరి. బకింగ్‌హాం కాలువ త్రవ్వకము ఆనాడు కరువు పనిగా సాగుచుండెను. పూర్వము భూములు కొలిచిన అనుభవము గల క్లౌ, 3½ మైళ్ల కాలువ పనిని గుత్తకు పుచ్చుకొనెను. వేలమంది పార, గంప చేతబట్టి వచ్చిరి. ఆయన వారికిచ్చినది భిక్ష కాదు. చేసిన పనికి కూలి. బోధకులే మేస్త్రీలై పని చేయించిరి. అలసి కూర్చున్నవేళ వారితో క్రీస్తును గూర్చి మాటలాడుచుండిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి.

క్లౌ ఇయ్యలేదు. సంవత్సరమునకు మించి ఒక్కరికిని ఇయ్యలేదు. కూలి చేతిలో పెట్టువాడే బాప్తిస్మము ఇచ్చినచో, వచ్చినవాడు దేవునికొరకు వచ్చెనో గింజలకొరకు వచ్చెనో ఎవరు చెప్పగలరు? వచ్చినవానికే అది తెలియకపోవచ్చును.

ఈ నిరాకరణము నిర్దోషమని చెప్పలేము. నిష్కపటముగ కోరినవారును అప్పుడు వేచియుండవలసి వచ్చెను. పైగా పేదవాని ప్రార్థనలోనే స్వార్థము వెదకుట లోకమునకు అలవాటు. సిరిగలవాడు పంటకొరకు, పదవికొరకు, సంతానముకొరకు మ్రొక్కినచో అది భక్తి అనిపించుకొనును. ఆకలిగొన్నవాడు మ్రొక్కినచో అది కూటికొరకు అనిపించుకొనును. కాని క్లౌ అనుమానించినది పేదవానిని మాత్రమే కాదు. పెట్టుచున్న తన చేతిని కూడ.

1878 నడుమ సహాయపు పనులు ముగియుచుండగా, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్దకు జనులు తరలివచ్చిరి. తనవద్ద ఇచ్చుటకు ఏమియు లేదని క్లౌ స్పష్టముగ చెప్పెను. వారు పొక్కులెక్కిన అరచేతులు చూపి, కష్టపడి బ్రతుకుదుమనియు, ధనము కోరమనియు, మరల పంట పోయినచో చత్తుమేగాని క్రైస్తవులుగనే చత్తుమనియు బదులిచ్చిరి. ఇక నిలుపుటకు కారణము లేకపోయెను. జూలై 3న ఆ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి ఆ కార్యము నెరవేర్చిరి. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటెను.

చరిత్రలు ఆ ఒక్క దినపు సంఖ్యనే ఘనముగ చెప్పుకొనుచుండును. సంఖ్య చూచి సంతోషించుట సేవకునికి పొంచియున్న మరియొక శోధన. ఆ వేలమంది హృదయములలో కోరికలన్నియు కడిగిన ముత్యములేనా? కావచ్చును, కాకపోవచ్చును, మనుష్యుని ఉద్దేశమును మనుష్యుడు తూచలేడు. సేవకుడు చేయదగినది ఒక్కటే: కోరికకును విశ్వాసమునకును నడుమ తన చేతిలోని అన్నము అడ్డు రాకుండ చూచుట. గుండ్లకమ్మ నీటిలో గడచిన ఆ ఒక్క దినముకంటె, అంతకుముందు అన్నము పెట్టుచు, ప్రతిఫలముగ ఏమియు పుచ్చుకొనక గడపిన ఆ మాసములే సేవకు సరియైన కొలత.