రంగు, మేత కూడా మిగిల్చిన డైనోసార్

2011 మార్చిలో కెనడాలోని ఆల్బెర్టాలో, సన్‌కోర్ కంపెనీ మిలీనియం గనిలో షాన్ ఫంక్ అనే ఆపరేటర్ ఎక్స్‌కవేటర్‌తో తవ్వుతుంటే చుట్టుపక్కల మట్టితో పొంతన లేని రాయి ఒకటి తగిలింది. ఆయన పని ఆపి పైవాళ్లకు చెప్పాడు. ఆ రాయిలో ఉన్నది సుమారు 11 కోట్ల ఏళ్ల కిందటి నోడోసార్, అంటే ఒళ్లంతా ఎముక పలకలు కప్పుకుని ఆకులు మేసే డైనోసార్. బతికున్నప్పుడు ఐదున్నర మీటర్ల పొడవు, 1,300 కిలోల బరువు ఉండేదని అంచనా. దొరికింది మూతి నుంచి నడుము దాకానే. కానీ ఆ సగంలో కవచపు పలకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మీది కొమ్ముపొర, నడుమ పొలుసుల చర్మం కూడా నిలిచాయి. నేలమీది జంతువుకు ఈ భాగ్యం సముద్రం వల్ల పట్టింది. కళేబరం ఉబ్బి, నీళ్ల మీద కొట్టుకుపోయి, చివరికి వెల్లకిలా అడుగుకు చేరింది. పీక్కుతినే జీవులు పాడుచేసేలోపే బురద కప్పేసింది, ఇనుము కలిసిన ఖనిజం చుట్టూ గట్టిపడింది. రాయల్ టైరెల్ మ్యూజియంలో మార్క్ మిచెల్ ఐదేళ్లకు పైగా, దాదాపు 7,000 గంటలు శ్రమపడి రాతిని తొలిచాడు. 2017లో ఈ జాతికి పెట్టిన బోరియలోపెల్టా మార్క్‌మిచెల్లీ అన్న పేరులో ఆయన పేరు ఉండటం న్యాయమే.

నిద్రపోతున్నట్టుందని అందరూ ఫొటోలు చూసి ముచ్చటపడ్డారు. అయితే దీని అసలు విలువ చూపులో లేదు. ఎముకల మీద ఆధారపడి వేసుకున్న ఊహలను ఇది పరీక్షకు నిలబెడుతుంది. అంత బరువు, అంత కవచం ఉన్న జంతువుకు దాక్కోవలసిన పనేముంటుందనుకుంటాం. చర్మం మీది సేంద్రియ పొరను రసాయనికంగా పరీక్షిస్తే, ఎర్రజుట్టు మనుషుల్లో ఉండే రకం వర్ణకపు ఆనవాళ్లు కనిపించాయి. వీపు ముదురు ఎరుపు గోధుమ, కిందికి వచ్చేకొద్దీ లేత. వెలుతురులో ఒంటి ఆకారం తేలిగ్గా కనపడకుండా చేసే ఏర్పాటిది. నేటి ఏనుగులకు, ఖడ్గమృగాలకు ఇది లేదు. అంటే ఆనాటి వేటాడే డైనోసార్లు ఇంత జంతువునూ వదిలేవి కావన్నమాట. ఇన్ని కోట్ల ఏళ్లు బురదలో ఉన్న పొరలో రసాయనాలు మారిపోవా అన్నది గట్టి ప్రశ్నే, పొట్ట కింది భాగం పూర్తిగా దొరకలేదు కూడా. అందుకే రంగు సంగతి బలమైన అనుమానంగానే తీసుకోవడం మేలు.

కడుపు సాక్ష్యం అంతకంటే గట్టిది. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం అందులోని మేతలో 88 శాతం ఆకులే, ఆ ఆకుల్లో చాలావరకు ఫెర్న్ మొక్కలవే. సముద్రపు నీళ్లతో లోపలికి చేరిన చెత్త కావచ్చు కదా అని అనుమానించవచ్చు. కానీ ఆ మేత ముద్ద ఒంటి లోపల కడుపు ఉండాల్సిన చోటే ఉంది, మేతను నలిపేందుకు మింగిన గులకరాళ్లతో కలిసి ఉంది. ఆ ప్రాంతంలో పెరిగిన ఇతర మొక్కలు చాలావరకు ఇందులో లేవు కాబట్టి ఏరుకుని తినేదని తేలింది. మేతలో 6 శాతం దాకా బొగ్గు కూడా ఉంది. కార్చిచ్చు తరవాత కొత్తగా మొలిచిన ఫెర్న్‌లను మేసిందని దాన్నిబట్టి ఊహించారు. పుల్లల పెరుగుదల వలయాలు చావు వసంతం చివరికీ వేసవి నడిమికీ మధ్య జరిగిందని చెబుతున్నాయి.

ఒకే జంతువు, ఒకే పూట మేత, దీన్నిబట్టి జాతి మొత్తం అలవాట్లు చెప్పవచ్చా? చెప్పలేం. మన తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్‌ది ఇందుకు పూర్తిగా తలకిందుల పరిస్థితి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన ఆ అస్థిపంజరం పలు జంతువుల ఎముకలు కలిపి కట్టినది. అక్కడ ఒక జంతువుకూ మరోదానికీ ఉన్న తేడాలు కొలవవచ్చు, చర్మం ఎలా ఉండేదో తెలియదు. బోరియలోపెల్టాలో చర్మం తెలుసు, దాని తోటివాటి సంగతి తెలియదు. ఆ లోటును తీర్చేది మరో నోడోసార్ కడుపే. వేరే ఋతువులో చచ్చి, ఫెర్న్‌లకు బదులు ఇంకేదో మింగిన జంతువు దొరికితే ఈ ఏరుకు తినే సిద్ధాంతం మారక తప్పదు.