గళ్ళనుడికట్టునందు అక్షరవిచారము

గళ్ళ ప్రహేళిక పాశ్చాత్యదేశమునుండి వచ్చినది. ఆర్థర్ విన్ కూర్చినది న్యూయార్క్ వరల్డ్ పత్రికయందు 1913 డిసెంబరు 21న వెలువడెను. కాని ప్రహేళిక మనకు క్రొత్త కాదు; దండి కావ్యాదర్శమున 16 విధములను వివరించెను.

గూఢమైన ఆధారమున అర్థసూచన, శబ్దసూచన అని రెండు భాగములుండును. 'సంగారెడ్డి నడుమ పిండివంట (2)' అన్నచో పాఠకుని దృష్టి ఆ ఊరి వంటకములపైకి పోవును. 'పిండివంట' అర్థమును, 'నడుమ' వెదకవలసిన తావును తెలుపును. మొదలు తుద విడువగా 'గారె' మిగులును. 'తీగ తిరుగబడిన శిరస్సు (2)' అన్నచో లత తల యగును. ఇచట తిరుగబడినది అక్షరమే కాని వర్ణము కాదు. వర్ణములను త్రిప్పినచో 'అతల్' అను నిరర్థకశబ్ద మేర్పడును.

'డ్డి' సంయుక్తమైనను దానికి ఒకే గడి. మఱి పటాన్‌చెరునకు గళ్ళెన్ని? పొల్లును వేఱుచేసినచో అయిదు. ఛందస్సునందువలె 'టాన్' అని పూర్వాక్షరముతో గూర్చినచో నాలుగు. పద్ధతిని ముందుగా తెలుపనిచో సమాధానమెఱిగినవాడును గళ్ళు నింపలేడు. కర్మాగారముల నడుమ బాయిలర్, వెల్డర్ వంటి పొల్లు పదములు నిత్యవ్యవహారమున నున్నవి కనుక ఈ ప్రశ్న ఉపేక్షింపదగినది కాదు. ఛందస్సమ్మతమగు రెండవ పద్ధతియే యుక్తమని మా అభిప్రాయము. అడ్డము నిలువుల కలయికయందు దానివలన శ్రమ హెచ్చును. ఆ శ్రమ కూర్పరిదే కాని పూరించువానిది కాదు.