పాఠపరిష్కరణకు టైలింగ్ విండో మేనేజర్: ఒక ఆచరణాత్మక పరిశీలన

కీలకపదాలు: పాఠాంతరం, సంస్థాన సాహిత్యం, ఐ3, ఐబస్, లినక్స్.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల సాహిత్యాన్ని పరిశీలించేవారు నేడు ప్రతులను చాలావరకు కంప్యూటర్ తెరమీదే చదువుతున్నారు. జటప్రోలు (నేటి నాగర్‌కర్నూల్ జిల్లా) ప్రభువు సురభి మాధవరాయల ‘చంద్రికాపరిణయం’ వంటి ప్రబంధంలో పాఠాంతరాలు గుర్తించాలంటే స్కాన్ ప్రతి, టైపు ప్రతి, నిఘంటువు ఏకకాలంలో కనిపించాలి. సాధారణ డెస్క్‌టాప్‌లో ఒక విండో మరొకదానిని కప్పివేస్తుంది. దానిని తొలగించి తిరిగి చూసేసరికి దృష్టి వేరొక పాదంమీద పడుతుంది. ఒక సీసపద్యంలో పాదాంతాలు ఒకేవిధంగా ఉండటంతో నా నకలులో ఒక పాదం జారిపోయింది. అంతటితో ఆగక, ఆ లోపాన్ని పాఠాంతరంగా నమోదు చేశాను! లేఖకులమీద మోపే దోషం నాదే అయింది.

టైలింగ్ విండో మేనేజర్ విండోలను పలకల వలె పక్కపక్కన పేర్చుతుంది. ఏదీ మరొకదానిని కప్పదు. ఈ పద్ధతి కొత్తది కాదు. 1985 నాటి విండోస్ 1.0లోనూ విండోలు ఇలాగే అమరేవి. లినక్స్‌లో 2009లో మైకేల్ స్టాపెల్‌బెర్గ్ ప్రారంభించిన ఐ3 ఈ కోవలో ప్రసిద్ధమైనది.

ఉబుంటులో ఐ3 ప్యాకేజీని స్థాపించి, లాగిన్ తెరలో ఐ3 సెషన్‌ను ఎంచుకోవాలి. పాత డెస్క్‌టాప్ కూడా అదే జాబితాలో ఉంటుంది కనుక సంకోచం అక్కరలేదు. తొలిసారి అడిగే ‘మాడ్’ మీటగా విండోస్ మీటను నిర్ణయించుకోవడం మేలు. ఆల్ట్ మీట లిబ్రే ఆఫీస్ మెనూలకు అవసరం. మాడ్-డి నొక్కి ప్రోగ్రామ్ పేరు టైపు చేస్తే అది తెరుచుకుంటుంది. మొదట స్కాన్ ప్రతిని, పిదప రైటర్‌ను తెరిస్తే రెండూ పక్కపక్కన నిలుస్తాయి. రైటర్‌లో ఉండగా మాడ్-వి నొక్కి బ్రౌజర్ తెరిస్తే నిఘంటువు దాని కింద చేరుతుంది.

తెలుగువారికి అసలు చిక్కు లిపి దగ్గర వస్తుంది. ఐ3 తనంతట ఐబస్‌ను ప్రారంభించకపోవచ్చు. అప్పుడు కాన్ఫిగ్ ఫైలులో ‘ఎగ్జిక్’ ఆదేశంతో ఐబస్ డీమన్‌ను చేర్చి, లాగౌట్ చేసి తిరిగి ప్రవేశించాలి. పైగా భాష మార్చడానికి ఐబస్ సాధారణంగా వాడే విండోస్-స్పేస్ జోడీని ఐ3 వేరొక పనికి వినియోగిస్తుంది. ఐబస్ అమరికల్లో దానిని కంట్రోల్-స్పేస్‌గా మార్చుకుంటే ఘర్షణ తీరుతుంది.

చిన్న ల్యాప్‌టాప్ తెరపై మూడు పలకలు ఇరుకై పద్యపాదాలు విరిగిపోతాయి. అటువంటప్పుడు నిఘంటువును మాడ్-షిఫ్ట్-2తో రెండవ కార్యస్థలానికి పంపి, మాడ్-2, మాడ్-1లతో అటూ ఇటూ మారవచ్చు. స్కాన్ ప్రతి, టైపు ప్రతి మాత్రం ఎదురెదురుగా కదలకుండా ఉండాలి.