చిన్న తొట్టిలో సముద్రము

పగడమనగానే మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది ఎర్రని పూస. ఉర్దూలో మర్జాన్ అనినను, మూంగా అనినను అదియే. కాని ఇచ్చట చెప్పబోవునది ఆ పూసనిచ్చు జాతిని గూర్చి కాదు; వెచ్చని, లోతు తక్కువైన సముద్రములో సున్నపు దిబ్బలు కట్టు జాతిని గూర్చి. మన దేశమున ఆ దిబ్బలు మన్నారు, కచ్ సింధుశాఖలలోను, లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ దీవులలోను ఉన్నవి. మా ఇంట చేపల తొట్టి ఉన్నదని ఎరిగిన విద్యార్థులు కొందరు, "ఇరవై లీటర్ల తొట్టిలో పగడము బ్రతుకునా, సార్?" అని అడిగిరి. తెలుగు పాఠము చెప్పువానికి ఇది కొంత బరువైన ప్రశ్నయే.

మొదట చట్టము సంగతి. రాతి పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నవి. సముద్రము నుండి వాటిని తెచ్చి ఇంట పెంచుట నేరము. ఇతర దేశములలో పెంచువారు అనేకులు. అయినను ప్రశ్నను తోసివేయరాదు. పూడిమడక తీరము నుండి తెచ్చిన ఉప్పునీటిలో నాలుగు చిన్న చేపలను ఉంచినను చిక్కు అదియే.

ఆ చిక్కు ప్రాణవాయువు. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీరు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, సముద్రజలము 6.2 మిల్లీగ్రాములే ఇముడ్చుకొనును. ఇరవై లీటర్లకు మొత్తము ఒక గ్రాములో ఎనిమిదవ వంతు. తొట్టిలోని ప్రాణులన్నింటికి ఉన్న నిల్వ అంతియే! పగడపు దేహములో కంటికి కానరాని నాచు కాపురముండును. పగలు వెలుతురులో అది ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియు, పగడమును, చేపలును, అన్నియు పీల్చునవే. కావున తెల్లవారుటకు ముందు గడియలే గండము.

దీనికి బుడగలే మందని పలువురు తలంతురు. నేనును చాలకాలము అట్లే తలంచితిని. నిజమునకు బుడగ నీటిలో ఉండునది క్షణకాలము. దాని నుండి నీటిలో కరుగు గాలి స్వల్పము. బుడగ చేయు మేలు అడుగు నీటిని పైకి లేపుట, పైనీటిని కదలించుట. గాలి నీటిలో చేరునది ముఖ్యముగా పైమట్టమున. మన అనకాపల్లి వారికి బెల్లపు పెనము తెలియనిది కాదు. మరుగుచున్న చెరకురసముపై తెట్టు కట్టినట్లే తొట్టి నీటిపైనను సన్నని జిడ్డుపొర కట్టును. ఆ పొర చెదరనిచో గాలి రాకపోకలు మందగించును.

పగడమునకు మరియొక అక్కర గలదు. అది కదలలేని జీవి. దానిని అంటుకొని వెండ్రుకవంటి పలుచని నిశ్చల జలపు పొర ఉండును. ఆహారము రావలెనన్నను, మలినము పోవలెనన్నను, పగలు నాచు విడిచిన అధిక ప్రాణవాయువు తొలగవలెనన్నను ఆ పొరను దాటవలెను. ప్రవాహము ఆ పొరను పలుచబరచును. అందుకే అట్టి తొట్లలో నీటిని గంటకు పది ఇరువది మార్లు త్రిప్పు పంపును అమర్తురు. ఒకే వైపు నుండి ధారగా కొట్టరాదు, మెత్తని దేహము చిరుగును. అలవలె అటునిటు ఊగవలెను.

బుడగలతో నష్టమును కలదు. అవి పగిలి తుంపరలు చిమ్మగా దీపము మీద, తీగెల మీద ఉప్పు పేరుకొనును. నీరు త్వరగా ఆవిరియగును. ఇరవై లీటర్లలో ఒక లీటరు తగ్గినచో, లీటరునకు 35 గ్రాములున్న ఉప్పు దాదాపు 37కు చేరును. ఆ కొరతను మంచినీటితోనే పూరించవలెను.

ఒక వేసవి రాత్రి మా వీధిలో కరెంటు పోయినది. నిద్రలో తెలియలేదు. తెల్లవారుజామున చూడగా రెండు చేపలు వెల్లకిల పడియుండెను. తక్కినవి పైకి వచ్చి నోళ్ళు తెరచుచుండెను. అది మంచినీటి తొట్టి. ఉప్పునీరైనచో నిల్వ ఇంకను తక్కువ. నాటి నుండి బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు తొట్టి ప్రక్కనే ఉంచుచున్నాను. అది లేని రోజున చెంబుతో నీటిని ముంచి జానెడెత్తు నుండి మరల తొట్టిలోనే పోయుటయే ఉపాయము. ఆ రాత్రి మిగిలిన చేపలను దక్కించినది అదియే.